క్లేర్ తీరంలో విల్లీ వారం

బయలుదేరే ముందు

ఐర్లండ్ పడమటి తీరంలో, క్లేర్ కౌంటీలో, అట్లాంటిక్ ఒడ్డుకు రెండు మూడు కిలోమీటర్ల లోపల మిల్‌టౌన్ మాల్బే అనే చిన్న ఊరుంది. ఉన్నది ఒక్కటే పెద్ద వీధి. దానికి రెండు పక్కలా రంగులేసిన దుకాణాలు, పబ్బులు. ఏడాదిలో చాలా భాగం నిమ్మళంగా ఉండే ఆ వీధిలో జూలై మొదటి వారం మాత్రం కాలు పెట్టే చోటుండదు. ఈ ఊరివాడే అయిన విల్లీ క్లాన్సీ వృత్తికి వడ్రంగి, వాద్యం ఇల్లిన్ పైపులు, అంటే మోచేతితో గాలిసంచి నొక్కి వాయించే ఐరిష్ వాద్యం. ఆయన 1973 జనవరిలో కన్నుమూస్తే, ఆ వేసవిలోనే ఊరివాళ్ళు, స్నేహితులు కలిసి ఆయన పేరిట ఒక వేసవి బడి పెట్టారు. దాని పూర్తి పేరు స్కోల్ సౌరీ విల్లీ క్లాన్సీ. నోటి వాడుకలో విల్లీ వీక్.

ఐరిష్ సంగీతం వినాలని వచ్చే మనవాళ్ళలో ఎక్కువమంది డబ్లిన్ నుంచి ఒక్కరోజు బస్సు టూరు తీసుకుంటారు. మోహర్ కొండచరియల దగ్గర గంటన్నర, డూలిన్‌లో భోజనం, మళ్ళీ బస్సు. ఇక్కడ సంగీతం మొదలయ్యేది రాత్రి తొమ్మిదిన్నరకు కాబట్టి ఆ టూరులో చెవిన పడేదంతా రికార్డులే. ఈ సంగీతం తెలియాలంటే ఒకే ఊళ్ళో వారం ఉండాలి. అందుకే ఈ వారం రోజుల ప్రయాణంలో తిరిగే దూరం తక్కువ, కూర్చునే సమయం ఎక్కువ.

ముందుగా వీసా. ఐర్లండ్ షెంగెన్ దేశం కాదు. చేతిలో షెంగెన్ వీసా ఉన్నా ఇక్కడికి చెల్లదు, ఐరిష్ వీసా విడిగా తీసుకోవాలి. బ్రిటన్ కూడా చూడాలనుకునే భారతీయులకు బ్రిటిష్ ఐరిష్ వీసా పథకం ఉంది. ఆ ముద్ర పడితే ఒకే వీసాతో రెండు దేశాలూ తిరగొచ్చు. ఏ దేశంలో ముందు దిగుతారో ఆ దేశపు వీసా తీసుకోవాలన్నది అందులో మెలిక.

రెండోది గది. విల్లీ వీక్‌కు ఊళ్ళోని గదులు చాలావరకు పోయినేడు వచ్చినవాళ్ళే తిరిగి వెళ్ళేటప్పుడు మాట్లాడుకుని పోతారు. మేలో వెతికితే దొరకవు. అప్పుడు చూడాల్సినవి తీరం వెంట లాహించ్, ఇంకాస్త లోపల ఎన్నిస్టైమన్, దక్షిణాన క్విల్టీ. అక్కడుంటే అర్ధరాత్రి తిరుగు ప్రయాణం సంగతి ముందే తేల్చుకోవాలి. ఆ వేళకు బస్సులుండవు, పల్లెల్లో టాక్సీలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. అద్దె కారు తీసుకుంటే మనలాగే ఎడమ పక్క నడపడం ఒక సుఖం. నడిపే మనిషి మాత్రం గ్లాసు ముట్టకూడదు. ఇక్కడి హద్దు చాలా తక్కువ, తనిఖీలు నిజంగా జరుగుతాయి.

సంచిలో ఆవకాయ, గోంగూర పచ్చడి, పులిహోర పొడి పెట్టుకోవచ్చు. నెయ్యి, పాలకోవా, పెరుగు మిరపకాయలు వద్దు. ఐరోపా సంఘం బయటి నుంచి ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం తేవడం నిషేధం. పచ్చి కరివేపాకుకూ మొక్కల ఆరోగ్య పత్రం లేకుండా ప్రవేశం లేదు. జూలై అయినా ఎండ పదిహేను నుంచి పందొమ్మిది డిగ్రీల దగ్గరే ఆగుతుంది, వాన ఏ గంటకైనా వస్తుంది. గొడుగు ఈ గాలికి తిరగబడిపోతుంది, టోపీ ఉన్న వానకోటు తీసుకోండి.

శుక్రవారం: ఎన్నిస్ మీదుగా

షానన్ విమానాశ్రయంలో దిగితే క్లేర్ ముఖ్య పట్టణం ఎన్నిస్ అరగంట దూరం. డబ్లిన్ నుంచి అయితే హ్యూస్టన్ స్టేషన్‌లో రైలెక్కి లిమరిక్‌లో మారాలి. ఎన్నిస్ నుంచి ఎన్నిస్టైమన్, లాహించ్, డూలిన్ వైపు 350 నంబరు బస్సు వెళ్తుంది. మిల్‌టౌన్‌కు నేరుగా వెళ్ళే బస్సులు తక్కువ, వేళలు ముందు రోజే చూసుకోవాలి. ఒకప్పుడు ఇక్కడికి సన్నగేజి రైలుండేది. 1887లో మొదలై 1961లో మూతపడింది.

ఎన్నిస్‌లో దిగినప్పుడే చేయాల్సిన పని ఒకటుంది: డి శ్రుతి టిన్ విజిల్, అంటే ఆరు రంధ్రాల రేకు పిల్లనగ్రోవి, ఒకటి కొనండి. పదిహేను యూరోల లోపు వస్తుంది. ఖరీదైనదాని జోలికి పోనక్కర్లేదు. ఈ సంగీతంలో పేరున్న ఎందరో వాయించింది ఈ చవక రేకు గొట్టమే. అయితే దుకాణంలోనే ఊది చూడండి. ఒకే కంపెనీ విజిళ్ళలోనూ ఒకటి తేటగా పలుకుతుంది, మరొకటి పై స్థాయిలో కీచుమంటుంది. అన్ని రంధ్రాలూ మూసి మెల్లగా ఊదినప్పుడు కింది షడ్జం వణక్కుండా నిలిస్తే అది మంచి విజిల్.

శనివారం: బల్ల చుట్టూ

బడి లాంఛనంగా మొదలయ్యేది శనివారం. సాయంత్రానికే పబ్బుల్లో వాద్యాల పెట్టెలు గోడల వెంట పేరుకుంటాయి. ఫ్రీల్స్, హిల్లరీస్, ఇంకా ఆ వీధిలో ఏ తలుపు తోసినా లోపల ఒక బల్ల, చుట్టూ ఎనిమిదిమందో పదిమందో, మధ్యలో గ్లాసులు కనిపిస్తాయి. వేదిక, మైకు, పరిచయ వాక్యాలు ఏవీ ఉండవు. వాయించేవాళ్ళు ఒకరికొకరు ఎదురుగా, వినేవాళ్ళకు వీపు పెట్టి కూర్చుంటారు. మొదటిసారి చూసినవాళ్ళకు ఇది మర్యాదలేనితనంగా తోచవచ్చు. రామాలయంలో శనివారం భజన గుర్తు తెచ్చుకుంటే సంగతి వెంటనే బోధపడుతుంది. అక్కడా చుట్టూ కూర్చుంటారు, ఒకరు ఎత్తుకుంటారు, వచ్చినవాళ్ళు అందుకుంటారు. పాట ప్రేక్షకుల కోసం కాదు, కూర్చున్నవాళ్ళ కోసం. ఇక్కడ దాని పేరు సెషన్.

సెషన్‌లో వినిపించేవి ఎక్కువగా నాట్యపు బాణీలు. ఒక బాణీకి రెండు భాగాలుంటాయి, ఒక్కోటి ఎనిమిది ఆవర్తాలు. ప్రతి భాగం రెండేసి సార్లు వాయిస్తే మొత్తం ముప్పై రెండు. రీల్ వేగంలో అది దాదాపు ముప్పై అయిదు సెకన్లు. అలా మూడుసార్లు తిప్పి, ఆపకుండా రెండో బాణీలోకి, ఆ తర్వాత మూడో దాంట్లోకి దూకుతారు. ఈ గుత్తిని సెట్ అంటారు. దూకే ముందు ముఖ్య వాద్యకారుడు ఒక కనుసైగ చేస్తాడు, లేదా పాదం కాస్త పైకెత్తుతాడు, లేదా 'హప్' అంటాడు. అది చూడనివాళ్ళు పాత బాణీలోనే ఉండిపోయి రెండు ఆవర్తాలు గందరగోళం చేస్తారు.

లయ పట్టుకోవడం మనకు కష్టం కాదు. రీల్ అంటే చతురశ్రం: తకధిమి తకధిమి. జిగ్ అంటే తిశ్రం, ఆవర్తానికి రెండు తకిటలు. స్లిప్ జిగ్‌కు మూడు తకిటలు, తొమ్మిది అక్షరాలు. హార్న్‌పైప్ కూడా చతురశ్రమే కానీ మొదటి అక్షరం సాగి రెండోది కుదించుకుపోయి ఊగుతున్నట్టు వినిపిస్తుంది. పశ్చిమ క్లేర్‌లో పోల్కాలు తక్కువ, అవి కెర్రీ, కార్క్ సరిహద్దు పల్లెల సొత్తు. తాళం వేయాలనిపిస్తే మోకాలి మీద వేళ్ళతో వేసుకోండి. టూరిస్టు గుంపు గట్టిగా చప్పట్లు కొడితే, బల్ల దగ్గరివాళ్ళకు ఒకరి వాద్యం ఒకరికి వినపడక సెట్ చెదిరిపోతుంది.

ఇక కూర్చోవడం. బల్ల చుట్టూ ఖాళీ స్టూలు కనబడినా అది వాద్యకారులదే, బయటికి వెళ్ళినవాళ్ళు వస్తారు. వినడానికి మంచి చోటు పక్క బెంచీ, లేదా వాళ్ళ వెనక నిలబడటం. ఏదో ఒకటి కొని చేతిలో పెట్టుకోండి. మద్యం అక్కర్లేదు, టీ అడిగినా, నిమ్మసోడా అడిగినా ఎవరూ వింతగా చూడరు. ఆ స్థలం నడిచేది ఆ అమ్మకాల మీదే. ఫోనులో రికార్డు చేయాలంటే సెట్ల మధ్య అడగండి. సాధారణంగా ఒప్పుకుంటారు. అడగకుండా ముఖం మీద ఫోను పెట్టేవాళ్ళ వల్లే కొన్ని బల్లలు లోపలి గదుల్లోకి తరలిపోతున్నాయి. పిల్లలతో వెళ్తే ఒక చట్టం గుర్తుంచుకోవాలి: పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళు రాత్రి తొమ్మిదికి పబ్బు బయటికి వెళ్ళాలి, మే నుంచి సెప్టెంబరు వరకు ఆ హద్దు పదింటికి. పిల్లలున్న కుటుంబాలకు మధ్యాహ్నపు సెషన్లే మేలు, ఈ వారం వాటికి కొదవ లేదు.

వాయించగలిగినవాళ్ళకు ఇంకో మాట. పిలిచేదాకా పెట్టె తెరవకండి. పిలిచాక, తెలిసిన బాణీలే వాయించండి. తెలియనిదాన్ని స్వరాలు వెతుక్కుంటూ వెంట గొణగడం ఇక్కడ పెద్ద తప్పు. మౌనంగా వినడం తప్పే కాదు. డ్రమ్ము బోరాన్ విషయంలో ఇంకా కట్టుదిట్టం, ఒక బల్లకు ఒక్కటే. మేకతోలు బిగించిన గుండ్రటి చట్రం అది, మన డప్పుకు దగ్గరి చుట్టం. ఎడమచెయ్యి లోపలి నుంచి తోలును నొక్కుతూ స్థాయి మారుస్తుంది, కుడిచేతిలో చిన్న పుల్ల. కిక్కిరిసిన గదిలో జనం ఊపిరి తేమకు తోలు వదులై దబదబమంటుంది. మనవాళ్ళు డప్పు మంట దగ్గర కాచినట్టే పాతకాలం బోరాన్లనూ పొయ్యి దగ్గర పట్టుకునేవారు. ఇప్పటివాటికి లోపల మరలుంటాయి. పొడి గాలికి మరీ బిగిస్తే లోపలి వైపు నాలుగు చుక్కల నీళ్ళు రాస్తారు.

ఆదివారం: స్పానిష్ పాయింట్, క్విల్టీ

పొద్దున్నే మిల్‌టౌన్ నుంచి సముద్రం వైపు నడిస్తే ముప్పై నలభై నిమిషాల్లో స్పానిష్ పాయింట్. 1588లో ఇంగ్లండ్ మీదికి వెళ్ళి ఓడి తిరిగొస్తున్న స్పెయిన్ ఓడలు ఈ తీరంలో పగిలాయి, పేరు అలా వచ్చింది. ఇసుక బాగుంటుంది, అలలు బలంగా ఉంటాయి. కాపలావాళ్ళు జెండాలు పాతిన మేరలోనే నీళ్ళలో దిగాలి. 1976 నుంచి 1990 వరకు ఐర్లండ్ అధ్యక్షుడిగా ఉన్న పాట్రిక్ హిల్లరీది ఈ ప్రాంతమే.

ఇంకాస్త దక్షిణానికి క్విల్టీ, అసలైన జాలర్ల పల్లె. 1907 అక్టోబరు తుఫానులో 'లియోన్ 13' అనే ఫ్రెంచి తెరచాప ఓడ ఇక్కడి రాళ్ళకు కొట్టుకుంది. పల్లె జాలర్లు కరాక్‌లు వేసుకుని ఆ అలల్లోకి వెళ్ళి నావికులను తెచ్చారు. కరాక్ అంటే కర్రచట్రం మీద తారు పూసిన గుడ్డ బిగించిన తేలిక పడవ. మన పుట్టి చేసే పద్ధతే, ఆకారం మాత్రం పొడుగు. ఆ సాహసం మెచ్చి వచ్చిన విరాళాలతో కట్టిన చర్చి 1911 నుంచి ఊరి గుర్తుగా ఉంది. పక్కన గుండ్రటి గోపురం ఉంటుంది, దూరం నుంచే కనబడుతుంది.

ఈ పొలాల మధ్య నడుస్తున్నప్పుడు ఒక చట్టం గురించి తెలుసుకుని ఉండటం అవసరం. పూర్వం సంగీతమూ నాట్యమూ రైతుల వంటిళ్ళలో, నాలుగుదారుల కూడళ్ళలో జరిగేవి. 1935 బహిరంగ నాట్యశాలల చట్టం లైసెన్సు లేని నాట్యాలను నేరం చేసింది. ఇళ్ళలో నాట్యాల మీద కూడా మతగురువులు, పోలీసులు దాన్ని ప్రయోగించారు. నాట్యం లైసెన్సు హాళ్ళలోకి వెళ్ళింది. హాలు పెద్దది కాబట్టి ఒక ఫిడిలు చాలలేదు, కేలీలకు, అంటే సామూహిక నాట్యాలకు, పదిమంది కలిసి వాయించే కేలీ బ్యాండ్లు బలపడ్డాయి. 1909లో పుట్టిన కిల్‌ఫెనోరా బ్యాండు, 1946 నాటి టల్లా బ్యాండు క్లేర్‌కు పేరు తెచ్చినవి. కానీ వంటింటి సంగీతం చాలా పల్లెల్లో ఆగిపోయింది. ఈ దగ్గరి పొలాల్లోనే బతికిన ఫిడిలు వాద్యకారుడు జూనియర్ క్రెహన్ 1908 నుంచి 1998 దాకా ఆ మార్పంతా కళ్ళారా చూసినవాడు. ఒక పద్ధతి చావకుండా నిలవడానికి అలాంటి మనుషులు పదిమంది చాలు అనడానికి క్లేర్ సాక్ష్యం.

సోమవారం: తరగతి

తరగతులు పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా. స్థలాలు బళ్ళు, హాళ్ళు, ఊరివాళ్ళ ఇళ్ళు కూడా. వంటింట్లో డజనుమంది ఫిడిళ్ళతో కూర్చోవడం ఇక్కడ మామూలే. ముందుగా నమోదు చేసుకోవాలి. ఫిడిలు, ఫ్లూటు, విజిల్, పైపులు, కాన్సర్టీనా (చేతుల్లో పట్టే చిన్న మడతల గాలిపెట్టె), బటన్ అకార్డియన్, బాంజో, హార్ప్, పాట, నాట్యం, దేనికది విడి తరగతులు, స్థాయిని బట్టి మళ్ళీ విభజన.

బోర్డు మీద స్వరాలు రాయరు. గురువు బాణీ మొత్తం ఒకసారి వాయిస్తారు. తర్వాత రెండు ఆవర్తాల ముక్క, తరగతి తిరిగి వాయిస్తుంది. ఆ ముక్క కుదిరాక తరువాతి ముక్క, ఆ తర్వాత రెండూ కలిపి. మన పాఠం చెప్పే తీరే. ఒక పూటకు ఒకటి, మహా అయితే రెండు బాణీలు వస్తాయి. చివర గురువు మెల్లగా, ఆ తర్వాత మామూలు వేగంలో వాయిస్తారు, రికార్డు చేసుకోమంటారు. బాణీతో పాటే ఎవరి దగ్గర నేర్చుకున్నదీ చెబుతారు, అది తప్పక రాసుకోండి. ఇక్కడ ఒకే బాణీకి నాలుగైదు పేర్లుంటాయి, ఒకే పేరుకు నాలుగైదు బాణీలుంటాయి. నిలకడగా ఉండేది ఎవరి పద్ధతి అన్నదే.

కర్ణాటక సంగీతం చెవిన పడ్డవాళ్ళకు ఈ తరగతిలో ఒక లాభముంది. డి విజిల్ షడ్జం మన రెండు శ్రుతి. ఆరు రంధ్రాలూ మూసి కింది నుంచి ఒక్కో వేలు ఎత్తుకుంటూ పోతే వచ్చేది శంకరాభరణం. అవే స్వరాల్లో రిషభాన్ని ఆధారం చేసుకుంటే ఖరహరప్రియ, పంచమాన్ని చేసుకుంటే హరికాంభోజి, ధైవతాన్ని చేసుకుంటే నఠభైరవి. మన గ్రహభేదమే. సెషన్‌లో వినిపించే బాణీల్లో చాలా పెద్ద భాగం ఈ నాలుగు మేళాల్లోనే ఉంటుంది. కైశికి నిషాదం కావాలంటే పై నుంచి రెండో, మూడో రంధ్రాలు మాత్రం మూయాలి. అప్పుడు నాలుగో స్వరం షడ్జంగా మరో శంకరాభరణం దొరుకుతుంది. ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వర సాహిత్యాల వెనకున్న పాశ్చాత్య వరసల్లో ఈ దీవుల నుంచి వచ్చినవీ ఉన్నాయి కాబట్టి ఈ చుట్టరికం రెండు వందల ఏళ్ళ నాటిది.

మనవాళ్ళు తడబడేది గమకం దగ్గర. ఇక్కడ స్వరాన్ని ఊపకూడదు. అలంకారం అంతా వేళ్ళ తాకిడి. పై రంధ్రం మీద వేలు రెప్పపాటు ఎత్తితే కట్, కింది రంధ్రం మీద వేలు టక్కున తాకిస్తే ట్యాప్. పొడుగు స్వరం మీద రెండూ వరసగా వేస్తే రోల్. కట్‌లో పై స్వరం విడిగా వినపడకూడదు. వినపడిందంటే వేలు ఎక్కువసేపు ఎత్తారన్నమాట. కొత్తగా నేర్చుకునేవాళ్ళు రోల్‌ను తొందరపెట్టి లయ పోగొట్టుకుంటారు. ఆ ఒక్క స్వరం మూడు సమభాగాలుగా వినబడాలి. మొదట అలంకారాలే లేకుండా బాణీ వాయించమని గురువులు పదేపదే చెప్పేది అందుకే.

విజిల్ మొరాయించడానికి మామూలుగా మూడు కారణాలు. కింది స్వరం అకస్మాత్తుగా పై స్థాయికి ఎగిరిపోతే ఊపిరి ఎక్కువైంది, లేదా ఏదో వేలు రంధ్రాన్ని పూర్తిగా మూయడం లేదు. వేలికొనతో కాదు, మెత్తటి భాగంతో మూయాలి. విజిల్ గొంతు బొంగురుపోతే లోపల తేమ పేరుకుంది. నోటి దగ్గరి కిటికీని వేలితో మూసి గట్టిగా ఒక్క ఊపు ఊదితే పోతుంది. చలి గదిలో శ్రుతి తగ్గితే చంకలో అయిదు నిమిషాలు పెట్టుకోండి.

మంగళవారం: మోచేతి పైపులు

వారమంతటికీ గుండె ఇదే. బ్యాగ్‌పైపు అనగానే స్కాట్లండ్ సైనికుల బ్యాండు గుర్తొస్తుంది. ఐరిష్ పైపులు వేరు. నిలబడి నోటితో ఊదేవి కావు. కూర్చుని, కుడి మోచేతి కింద చిన్న కొలిమితిత్తి, ఎడమ మోచేతి కింద గాలిసంచి పెట్టుకుని వాయిస్తారు. ఐరిష్‌లో ఇల్లిన్ అంటే మోచెయ్యి, పేరు అక్కడిదే. 2017లో యునెస్కో ఈ వాద్యకళను మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. మన జానపద వాద్యాల్లోని తిత్తి ఒక్క శ్రుతి పట్టుకుని నిలుస్తుంది. ఇది శ్రుతీ రాగమూ రెండూ తనే మోస్తుంది.

భాగాలు తెలుసుకుని వింటే వినికిడే మారిపోతుంది. పాట పలికేది చాంటర్, రెండు స్థాయిలు పలుకుతుంది. దాని అడుగు తొడ మీది తోలుముక్కకు ఆనించి గాలి మూసేస్తారు. అందుకే స్వరాలను ముక్కలుగా తుంచి పలికించడం సాధ్యం. పై స్థాయికి వెళ్ళాలంటే రంధ్రాలన్నీ, అడుగునూ ఒక్క క్షణం మూసి సంచిని కాస్త గట్టిగా నొక్కి వదలాలి. నొక్కు తక్కువైతే పై స్వరం పలకదు, ఎక్కువైతే గీపెడుతుంది. శ్రుతి పట్టేవి మూడు డ్రోన్లు, ఒకదాని కింద ఒకటి స్థాయి తేడాతో. వాటి పక్కన మూడు రెగ్యులేటర్లు, మీద ఇత్తడి మీటలు. వేళ్ళు చాంటర్ మీదుండగానే మణికట్టు అంచుతో ఆ మీటలు నొక్కితే తోడు స్వరాలు పలుకుతాయి.

నేర్చుకునేవాళ్ళు సంచి, తిత్తి, చాంటర్ మాత్రమే ఉన్న సాధన సెట్‌తో మొదలుపెడతారు. డ్రోన్లు చేరితే సగం సెట్, రెగ్యులేటర్లు కూడా చేరితే పూర్తి సెట్. మొదటి ఏడాదిలోనే పూర్తి సెట్ కొనడం డబ్బు దండగ. తయారీదారుల దగ్గర వంతు రావడానికి ఏళ్ళు పడుతుంది, ఆలోపు చాంటర్ చేతికి రావాలి. ఏడేళ్ళు నేర్చుకోవడం, ఏడేళ్ళు సాధన, ఏడేళ్ళు వాయించడం, అప్పుడు గానీ పైపర్ కాడని ఇక్కడి పాత మాట.

అసలు తలనొప్పి రీడు. సన్నాయి పీకలా రెండు ఆకులు కలిపి కట్టినదే, నీటిరెల్లు జాతి కర్రతో చేస్తారు. నోటి తేమ తగలదు కాబట్టి ఏళ్ళ తరబడి మన్నుతుంది గానీ, వాతావరణంలో తేమ మారితే ఆకుల మధ్య సందు మారి శ్రుతి తప్పుతుంది. తీరపు తేమలో చేసిన రీడు ఏసీ గదిలో పలకకపోవడం మామూలు. రీడు నడుముకు రాగితీగ కట్టు ఉంటుంది. దాన్ని వెంట్రుకవాసి నొక్కితే సందు మారుతుంది. కొత్తవాళ్ళు ఆ కట్టును తడిమి తడిమి రీడు పాడుచేసుకుంటారు. ఒకసారి కదిపితే ఒక రోజు వాయించి చూడాలి. రీడు చేయడం కూడా ఈ బడిలో నేర్పుతారు. పైపులు వాయించకపోయినా అక్కడ గంటసేపు నిలబడి చూడదగ్గ పని.

విల్లీకి ఈ విద్య వచ్చిన దారి ఈ ఊరి చరిత్రే. సమీపంలోని ఐనా ఊరి అంధ పైపర్ గారెట్ బారీ 1899లో పోయాడు. ఆయన్ని విన్న గిల్బర్ట్ క్లాన్సీ ఫ్లూటు వాయించేవాడు. గిల్బర్ట్ కొడుకే 1918లో పుట్టిన విల్లీ. తండ్రి నోట గారెట్ బారీ బాణీలు వింటూ పెరిగిన ఆ కుర్రాడికి పైపుల మోత ప్రత్యక్షంగా వినిపించింది బండిలో ఊరూరూ తిరిగే జానీ డోరన్. ఒకరు పోయినా బాణీ మధ్యవాళ్ళ చెవుల్లో ఉండి మళ్ళీ పైపులకెక్కింది. విల్లీ విగ్రహం ఇప్పుడు వీధిలో ఉంది.

బుధవారం: డూలిన్

బడిలో మధ్యాహ్నం జరిగే ఉపన్యాసం వదులుకోగలిగితే డూలిన్ వెళ్ళొచ్చు. రస్సెల్ అన్నదమ్ములు మీకో, పాకీ, గసీల ఊరు. పొలం పని చేసుకునే మీకో విజిల్‌ను, పాకీ కాన్సర్టీనాను వినడానికే 1960ల నుంచి దూరదేశాల కుర్రాళ్ళు ఇక్కడికి నడిచొచ్చారు. ఫిబ్రవరి చివర్లో మీకో పేరిట పండుగ జరుగుతుంది. ఓకానర్స్, మెక్‌గాన్స్, మెక్‌డెర్మట్స్ అనే మూడు పబ్బుల్లో రోజూ సంగీతం ఉంటుంది. వేసవిలో జనం ఎక్కువ, మైకులూ ఉంటాయి. మిల్‌టౌన్ బల్లలు విన్నాక ఇక్కడ అంత తృప్తి ఉండదు. దారిలో మోహర్ చరియలు 214 మీటర్ల ఎత్తు. అంచు వెంట నడకదారిలో కొన్ని భాగాలు మూసి ఉండొచ్చు, అక్కడి ప్రకటనలు పాటించండి. ఆ అంచుల్లో నేల కింద బోలుగా ఉంటుంది. శాకాహారులు తీరపు ఊళ్ళలో చౌడర్‌కు దూరంగా ఉండాలి, అది చేపల సూపు. కూరగాయల సూపు, గోధుమ సోడా రొట్టె దాదాపు అన్నిచోట్లా దొరుకుతాయి. బంగాళాదుంప వేపుడు ఏ కొవ్వులో వేయిస్తారో అడగండి. వంట రాత్రి తొమ్మిదికే ఆపేస్తారు, సంగీతం మొదలయ్యేలోపే తినాలి.

గురువారం: కేలీ, పాట

రాత్రి కేలీకి వెళ్ళండి. హాలులో నాలుగు జంటలు చదరంగా నిలబడితే ఒక సెట్. ఫ్రెంచి కొలువుల క్వాడ్రిల్ నాట్యం పల్లెకొచ్చి ఇలా మారింది. క్లేర్‌కు ప్రీతిపాత్రమైనది కాలడోనియన్ సెట్. కోలాటంలో కోపుల్లాగే ఇందులోనూ వరసగా ఘట్టాలుంటాయి. జంటలు లోపలికి రావడం, చోటు మారడం, పట్టుకుని గిరగిరా తిరగడం. తిరిగేటప్పుడు కుడిపాదాలు పక్కపక్కనే ఉంచి, ఎడమపాదంతో నెట్టుకోవాలి. పాదాలు ఎడంగా పెడితే ఇద్దరూ తూలతారు. రబ్బరు అడుగు బూట్లు వద్దు, అవి నేలకు పట్టేసి మోకాళ్ళు మెలిపడతాయి. తోలు అడుగు బూట్లయితే పాదం జారుతుంది, నేల మీద టకటక మోత కూడా పలుకుతుంది. ఆ మోతే ఇక్కడి నాట్యానికి మృదంగం. రానివాళ్ళను అనుభవజ్ఞులు మధ్యలో పెట్టుకుని భుజం పట్టి తిప్పేస్తారు. తప్పు అడుగు వేస్తే ఆగకండి, తరువాతి ఎనిమిదికి మీ చోటికి చేరుకుంటే చాలు.

కేలీ అయ్యాక ఏదో ఒక పబ్బు లోపలి గదిలో ఇంకా దీపముంటుంది. అక్కడ రీళ్ళు ఆగి పాట కోసం ఎదురుచూస్తారు. తోడు వాద్యం లేకుండా, ఒక్కరే, కళ్ళు మూసుకుని పాడే పాట. ఎవరో 'ఒక్క గొంతు, దయచేసి' అంటే గ్లాసుల చప్పుడు కూడా ఆగిపోతుంది. ఆ సమయంలో తలుపు తీయకూడదు, వాకిట్లో ఉంటే వాకిట్లోనే నిలవాలి. పాడేవాళ్ళు లయకు కట్టుబడరు, మాట ఎంత సాగమంటే అంత సాగదీస్తారు. పక్కనున్నవాళ్ళు ఒక్కోసారి వాళ్ళ చెయ్యి పట్టుకుని మెల్లగా తిప్పుతూ ఉంటారు. చరణాల మధ్య 'బాగుంది', 'నిజమే' అని ఒక మాట వేయొచ్చు, చప్పట్లు మాత్రం చివర్లోనే. పాట అయిపోవడం కొత్తవాళ్ళకు తెలియదు, ఎందుకంటే చివరి మాటలు పాడకుండా, పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టు మామూలుగా పలికేసి ఊరుకుంటారు. ఆ తర్వాత ఒక్క క్షణం ఎవరూ కదలరు. అప్పుడు ఏదో మూల నుంచి కాన్సర్టీనా మెల్లగా ఒక జిగ్ ఎత్తుకుంటుంది.